కొవ్వొత్తి తూకం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా మనవరాలు వంటింటి గట్టు మీద కొవ్వొత్తి వెలిగించి, పక్కన స్కేలు, ఫోను, నేను పిండి తూచుకునే చిన్న కాటా పెట్టుకుని కూర్చుంది. బళ్ళో ఇచ్చిన పని. పది నిమిషాలకోసారి కొవ్వొత్తి పొడవు కొలిచి, బరువు తూచి, పట్టిక గీసి అందులో రాయాలి. రెండుసార్లు కొలిచేసరికి దానికి విసుగొచ్చింది. మిగతా గళ్ళన్నీ వరసగా నింపేసి కొవ్వొత్తి ఊదేసింది.

"అదేంటే, ఇంకా గంట కాలేదుగా?" అన్నాను.

"ప్రతిసారీ అంతే తగ్గుద్ది కదా అమ్మమ్మా. మళ్ళీ మళ్ళీ కొలవటం దేనికి? టీచరేమన్నా వచ్చి చూస్తుందా?"

తాడేపల్లిలో మాది నాలుగో అంతస్తు. బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆరిన వత్తి వాసన అక్కడిదాకా వచ్చింది.

ఆ వాసన నాకు పదకొండో ఏటి నుంచి పడదు. కరెంటు పోయినా మా ఇంట్లో కొవ్వొత్తి వెలిగించనివ్వను. ఆ రోజు బడి పని కాబట్టి కాదనలేకపోయాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఎందుకని అడిగితే ఉబ్బసం అని చెప్పాను. నాకు ఉబ్బసం లేదు.

మా ఊరు సత్తెనపల్లి నుంచి బస్సులో ముక్కాలుగంట. నల్లరేగడి నేల. పత్తి తీతలు అయిపోయి, మిరప కోతలు మొదలయ్యాక ఊరు ఊరంతా ఎర్రగా అయిపోయేది. ఎవరి కళ్ళం చూసినా మోకాలెత్తు కాయ. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు లేచి, బడిలో ఎక్కాలు చెప్పేవాళ్ళు మధ్యలో ఆగి తుమ్మి మళ్ళీ అందుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన మాస్టర్లు మొదటి నెలంతా కళ్ళు తుడుచుకుంటూ పాఠం చెప్పేవాళ్ళు. మాకది వేడుక. లెక్కల మాస్టారి బెత్తానికి మేమొకసారి పండు మిరపకాయ రుద్ది పెట్టాం. ఆయన బెత్తం పట్టుకున్న చేత్తోనే కన్ను నలుపుకున్నారు. పాపం రెండు రోజులు బడికి రాలేదు. ఆ రెండు రోజులూ మేం నవ్వుతూనే ఉన్నాం.

ఆ రోజుల్లో ఇంట్లో తిండి కూడా ఎరుపే. పండు మిరపకాయలు చింతపండుతో కలిపి రోట్లో తొక్కిన పచ్చడి, వేడి జొన్నన్నం, పైన నువ్వుల నూనె. నాయనమ్మ ముద్దలు కలిపి చేతిలో పెట్టేది. పెడుతూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది. ఎవరి కాయకి తెగులు తగిలింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయి రానంటోంది, ఎవరి కళ్ళంలో కూలోళ్ళు పని మానేసి కూర్చున్నారు. ఆమె మాటల్లో మనుషులు రెండు రకాలు: మనోళ్ళు, వాళ్ళు. ఎవరు ఎవరో నాకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది నడకతో పాటే వచ్చేది.

వాళ్ళంటే కాలవకి అవతలి పల్లె. అక్కడ అందరూ క్రైస్తవులు. చిన్న చర్చి ఉండేది, రేకుల కప్పుతో. మా చేలల్లో కోతలకీ, కళ్ళాల్లో తాలుకాయ ఏరటానికీ వాళ్ళే వచ్చేవాళ్ళు. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. కుప్పలో పది తాలుకాయలు కనిపించినా గుంటూరు యార్డులో రేటు పడిపోతుంది కాబట్టి ఆడవాళ్ళు రోజంతా కూర్చుని ఏరేవాళ్ళు.

ఆ పల్లె నుంచి ఏడో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఒక్కతే. నా ఈడుదే. తండ్రి లేడు. తల్లి మా కళ్ళంలోనే పనిచేసేది. ఆ పిల్ల బడిలో నన్ను నువ్వు అనేది. సెలవు రోజుల్లో తల్లితో కళ్ళానికి వస్తే అమ్మాయిగారూ అనేది. రెండు చోట్లా ఒకే గొంతుతో అనేది. అదెట్లా మారుస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఇంకొకటి కూడా ఉండేది ఆ పిల్లలో. దేన్నయినా చూస్తే అట్లా చూస్తూనే ఉండేది. చీమల బారు చూసినా, బావిలో గిలక చూసినా, అది అయిపోయేదాకా కదిలేది కాదు.

ఆ ఏడాది మాకు కొత్త సైన్సు మాస్టారు వచ్చారు. ఒంగోలు వైపు మనిషి, పెళ్ళి కాలేదు. మా ఇంటి వీధి గదిలో దిగారు, భోజనం మా ఇంట్లోనే. "ఊరికి పెద్దచదువు మనిషి వచ్చాడు, మనింట్లో ఉంటే మనకే మర్యాద" అనేవాడు నాన్న. ఆయనకి కొలవటమంటే పిచ్చి. మాచేత మిరపకాయ పొడవు కొలిపించారు, పత్తికాయలో గింజలు లెక్కపెట్టించారు, బడి ముందు కర్ర పాతి దాని నీడ గంటగంటకీ గీయించారు. నల్లబల్ల మీద పైన ఒక వాక్యం రాసి దాన్ని ఎవరినీ చెరపనిచ్చేవారు కాదు. 'చూసింది రాయండి. అనుకున్నది రాయకండి.'

నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఆయన పచ్చడి కలుపుకుని ముక్కు ఎగబీలుస్తూ తింటుంటే నేనే మంచినీళ్ళు తెచ్చి పెట్టేదాన్ని. తరగతిలో నన్ను మెచ్చుకుంటే ఆ మాట ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పుకునేదాన్ని. అందుకే ఆయన ఆ పిల్లని మెచ్చుకున్న రోజులు నాకు గుర్తుండిపోయాయి. అలాంటివి చాలా ఉన్నాయి.

గుంటూరులో బడిపిల్లల సైన్సు ప్రదర్శన ఉందని ఉత్తరం వచ్చింది. మా బడి తరఫున కొవ్వొత్తి పెడదామన్నారు మాస్టారు. కొత్త కొవ్వొత్తి ఒకటి, గంటసేపు కాలినది ఒకటి, మధ్యలో అది ఎట్లా తగ్గిందో చెప్పే పట్టిక. కొలవటానికి ఇద్దర్ని ఎంచారు. నేను, ఆ పిల్ల. ఇద్దరం వేరువేరుగా రాయాలి. ఎవరి పట్టిక బాగుంటే వాళ్ళని గుంటూరు తీసుకువెళ్తానన్నారు.

ఆ సంగతి చెబితే నాయనమ్మ ముద్ద కలుపుతూ ఆగింది. "దాన్నీ నిన్నూ ఒక బల్ల మీద కూచోబెట్టాడా? సదువుకున్నోడు గదా, ఆయనకేం తెలుసు" అంది. ముద్ద నా చేతిలో పెట్టి, "ఎళ్ళేది నువ్వేలే" అంది.

మర్నాడు సాయంత్రం ఆటల గంటలో కొవ్వొత్తి వెలిగించాం. తరగతి పిల్లలంతా బయట ఉన్నారు. మాస్టారు కంసాలి దగ్గర అడిగి తెచ్చిన త్రాసులో ముందే తూచారు. ఇరవై గ్రాములు. పొడవు పదిహేను సెంటీమీటర్లు. రేకు మూత మీద కొవ్వొత్తి నిలబెట్టి, తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "పది నిమిషాలకోసారి. కదలకండి" అని చెప్పి హెడ్మాస్టారి గదికి వెళ్ళారు.

మొదటి పది నిమిషాలూ కూర్చున్నాను. ఆ పిల్ల రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి మంటకేసి చూస్తోంది. బయట నుంచి కోకో అరుపులు వినపడుతున్నాయి. నా జట్టు ఓడిపోతోంది.

"నువ్వు పోవాలంటే పో. నేను చూస్తాలే" అంది ఆ పిల్ల, తల తిప్పకుండానే.

వెళ్ళాను. కోకో ఆడాను, గోడ దూకి చింతకాయలు కోసుకొచ్చాను. గంట కావస్తుంటే చేతులు తుడుచుకుని లోపలికొచ్చాను. ఆ పిల్ల అక్కడే ఉంది, అట్లాగే ఉంది. చివరి కొలత మాత్రం ఇద్దరం కలిసి కొలిచాం. తొమ్మిది సెంటీమీటర్లు.

"నా పుస్తకం చూసి రాసుకో" అని నా ముందుకి జరిపింది.

దాని పుస్తకం చూసి నేను రాసుకోవటమా. నాకు నామోషీ అనిపించింది. పదిహేనులోంచి తొమ్మిది పోతే ఆరు. ఆరుసార్లకి ఆరు. పద్నాలుగు, పదమూడు, పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది. నా గళ్ళన్నీ నిండాయి. ఒక్క కొట్టివేత లేకుండా ముచ్చటగా ఉంది పట్టిక.

మాస్టారు వచ్చి మళ్ళీ తూచారు. కారిన మైనం కూడా గీకి త్రాసులో వేశారు. పదమూడు గ్రాములు. "ఏడు గ్రాముల మైనం ఎక్కడికి పోయింది?" అని అడిగారు.

"కారిపోయింది సార్" అన్నాను.

"కారింది ఇదిగో త్రాసులోనే ఉందిగా."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "గాల్లోకి పోయింది సార్. కానీ మైనంగా పోలేదు. మైనమే అయితే మన మొహాన అంటుకునేది. ఇంకేదో అయ్యి పోయింది."

మాస్టారు త్రాసు కింద పెట్టి ఆ పిల్లకేసి చూశారు. "ఈ మాట చెప్పటానికి నాకు కాలేజీ దాకా పట్టిందమ్మాయ్" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం మా ఇంట్లో ఏ పూటా నేను చూడలేదు.

మిగిలిన ముక్కని బీరువాలో పెట్టమన్నారు. ఆ పిల్ల పెట్టింది. నా కళ్ళముందే పెట్టింది. మాస్టారూ తనూ వెళ్ళాక నేను వెనక్కి వచ్చి దాన్ని తీసి పరికిణీ మడతలో దోపుకున్నాను.

ఎందుకు తీశానంటే, సత్తెనపల్లి నుంచి వచ్చిన మా మేనత్త కూతురు నాకొక విద్య నేర్పింది. మైనం కరిగించి, కుంకుమ కలిపి, వేలి కొసతో చన్నీళ్ళలో ఒక్కో చుక్కా వేస్తే రేకలు వస్తాయి. నాలుగు రేకలు అతికిస్తే పువ్వు. ఆ పువ్వుల కోసం తీశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ సాయంత్రమే పొయ్యి మీద గరిటెలో కరిగించి పదకొండు పువ్వులు చేశాను. నాయనమ్మ చూసి మురిసింది. "మైనం ఎక్కడిదే?" అంది. "బళ్ళో ఇచ్చారు" అన్నాను. దేవుడి గూట్లో వరసగా పేర్చింది.

మర్నాడు పొద్దున తరగతిలో మాస్టారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఆ పిల్ల పట్టికలో పదిహేను నుంచి ఒక్కసారిగా పదమూడున్నరకి దిగింది, తర్వాత పన్నెండు దాటి కొంచెం, పోనుపోను తక్కువ తక్కువగా దిగుతూ వచ్చింది. కొవ్వొత్తి పైన సన్నంగా, కింద లావుగా ఉంటుంది కాబట్టి అట్లాగే దిగుతుంది. ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పిల్లకి ఆ రోజే తెలుసు, ఎందుకంటే చూసింది.

"ఒకే కొవ్వొత్తి. రెండు రకాలుగా ఎట్లా కాలింది?" అన్నారు మాస్టారు. ఇద్దరం మాట్లాడలేదు. "సరే, ముక్క తీసుకురండి" అని బీరువా తెరిచారు. అందులో ముక్క లేదు.

తరగతిలో పన్నెండు మందిమి. అందర్నీ అడిగారు. ఎవరూ తీయలేదన్నారు. ఆయన చూపు నా మీదకి వస్తోంది. అప్పుడు నేనొక మాట అన్నాను. అనాలని ముందుగా అనుకోలేదు. నోట్లో తయారుగా ఉన్నట్టు వచ్చేసింది.

"వాళ్ళకి చర్చిలో కావాలిగా సార్."

పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. నాకేసి ఒక్కసారి చూసి తల దించుకుంది. మాస్టారు క్లాసు లీడరుని పిలిచి ఆ పిల్ల సంచీ తీయించారు. సంచీ అడుగున కాగితంలో చుట్టిన కొవ్వొత్తి ముక్క ఉంది.

నేను తీసిన ముక్క పువ్వులై మా దేవుడి గూట్లో ఉంది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. భయం కూడా వేసింది, నేను అన్న మాట నిజమైపోయినట్టు.

"ఇది నాది సార్" అంది ఆ పిల్ల. "చర్చిలో కాలగా మిగిలింది. ఊడుస్తుంటే తీసుకున్నాను. ఇంటికాడ మళ్ళీ కొలుద్దామని."

"అబద్ధం చెప్పకు."

"కొలవండి సార్. బీరువాలోది తొమ్మిది. ఇది అంతకంటే పొడుగుంటుంది. కొవ్వొత్తి కాలితే తగ్గుద్ది గానీ పెరగదు సార్."

మాస్టారి చేతిలో కొవ్వొత్తి, బల్ల మీద స్కేలు. ఆయన ఒక్క నిమిషంలో తేల్చెయ్యవచ్చు. కానీ ఆయన స్కేలు తీసుకోలేదు. నాకేసి చూశారు. ఆయన పొద్దున తిన్నది మా ఇంటి చద్దన్నం. రాత్రి పడుకోవాల్సింది మా వీధి గదిలో. నా చేతికి స్కేలు అందించి, "నువ్వు కొలిచి చెప్పమ్మా" అన్నారు.

కొవ్వొత్తి ఆ పిల్ల చేతికిచ్చి నిలబెట్టమన్నారు. నేను స్కేలు ఆనించాను. నా మొహానికీ దాని మొహానికీ జానెడు దూరం. ఇద్దరి కళ్ళూ ఒకే గీత మీద ఉన్నాయి. పదకొండున్నర.

"తొమ్మిది సార్" అన్నాను.

ఆ పిల్ల నోరు తెరిచింది. మాస్టారు దాని చెంప మీద కొట్టారు.

"కొలవమన్నావుగా, కొలుద్దాం" అన్నారాయన. ఆ పిల్లని కిటికీ పక్కన నిలబెట్టి, ఆ ముక్క వెలిగించి చేతికిచ్చారు. "నేను వచ్చేదాకా దించకు. పది నిమిషాలకోసారి ఆమె కొలుస్తుంది. నిన్న నువ్వు రాసింది తప్పో ఒప్పో అందరూ చూస్తారు." హెడ్మాస్టారు పిలుస్తున్నారని కబురొస్తే వెళ్ళిపోయారు.

కిటికీ గాలికి మంట ఒక పక్కకి వాలి, మైనం ధారగా కారింది. మొదట బొటనవేలి మీద, తర్వాత మణికట్టు దాకా. చుక్క పడినప్పుడల్లా ఆ పిల్ల ముక్కుతో ఊపిరి లోపలికి పీల్చేది. అంతకుమించి ఏమీ లేదు. పదేసి నిమిషాలకి నేను లేచి వెళ్ళి కొలిచాను. ప్రతిసారీ స్కేలు మీద కనిపించిన దాంట్లోంచి రెండున్నర తీసేసి పైకి చదివాను. లీడరు నల్లబల్ల మీద రాశాడు, మాస్టారి వాక్యం కిందనే. తీసివేత మనసులోనే చేశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

కొంతసేపటికి ఆటలాగా అయింది. వెనక బల్ల పిల్లలు ఎప్పుడు ఏడుస్తుందో పందెం కట్టుకున్నారు. ఒకడు 'హల్లెలూయ' అని రాగం తీశాడు. నేను కూడా నవ్వాను. అందరూ నవ్వుతుంటే నవ్వకపోతే తెలిసిపోతుందేమోనని నవ్వాను.

చివరికి నేను చదివిన అంకె సున్నాకి వచ్చింది. నా లెక్క ప్రకారం కొవ్వొత్తి అయిపోవాలి. దాని చేతిలో ఇంకా రెండున్నర సెంటీమీటర్లు మండుతూనే ఉంది. లీడరు సుద్దముక్క పట్టుకుని బల్లకేసి చూశాడు, కొవ్వొత్తికేసి చూశాడు, నాకేసి చూశాడు. సున్నా రాయకుండా వెళ్ళి కూర్చున్నాడు. వాడు మా పెదనాన్న కొడుకు.

ఆ తర్వాత నేను కొలవలేదు. ఆ పిల్ల వేళ్ళు కిందకి జరుపుకుంటూ, కొసలతో పట్టుకుంది. పన్నెండు మందిలో ఎవరు ఊదినా ఆరిపోయేది. తను ఊదుకున్నా ఆరిపోయేది. తను ఊదుకోలేదు, మేం ఊదలేదు. మంట వేళ్ళని తాకినప్పుడు గొంతులో చిన్నగా ఒక శబ్దం చేసింది. ముక్క కింద పడి, దొర్లి, ఆరింది. అప్పుడు వచ్చింది ఆ వాసన. వత్తి వాసన ఒక్కటే కాదది.

మాస్టారు భోజనాల గంట కొట్టాక వచ్చారు. నల్లబల్ల చూశారు. ఆ పిల్ల చెయ్యి చూశారు. "ఇంటికి పో" అన్నారు. తరగతి వదిలేశారు.

ఆ పూట సాయంత్రం దీపాలు పెట్టే వేళకే ఆయన భోజనానికి కూర్చున్నారు. నేను మంచినీళ్ళు పెట్టాను. నాన్న ఇంకా కళ్ళం నుంచి రాలేదు. ఆయన తల ఎత్తకుండా, "స్కేలు సున్నా దగ్గరే ఆనించావా అమ్మాయ్?" అని అడిగారు.

"ఆనించాను సార్."

ఆయన చాలాసేపు అన్నం కెలికారు. తర్వాత నాయనమ్మకేసి చెయ్యి చాచి, "ఇంకొంచెం పచ్చడి వెయ్యండి" అన్నారు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. నాకు తెలిసినట్టు ఆయనకీ తెలిసింది. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు.

ఆయన లేచి గదిలోకి వెళ్ళాక నేను నాయనమ్మ ఒళ్ళో తల పెట్టి అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె నా జుట్టు నిమురుతూ విన్నది. విని, లేచి, దేవుడి గూట్లోంచి పువ్వులు తీసి పొయ్యిలో వేసింది. పదకొండూ భగ్గున లేచాయి.

"ఇప్పుడు చెప్తే మీ నాన్న పరువేం గాను? ఆ మాస్టారి ఉద్యోగమేం గాను?" అంది. "దాని చెయ్యంటావా, నాలుగు రోజులకి మానిపోద్ది. నోరు మూసుకుని పడుకో."

నోరు మూసుకున్నాను.

మూడో రోజున కళ్ళానికి వెళ్తే ఆ పిల్ల అక్కడుంది. తల్లి పక్కన గొంతుక్కూర్చుని తాలుకాయ ఏరుతోంది. కుడి చేతికి పాత చీర పీలిక చుట్టి ఉంది. పీలికలోంచి బయటికొచ్చిన వేళ్ళు బొబ్బలు చితికి పచ్చిగా ఉన్నాయి. ఎడమ చేత్తో ఏరుతోంది గానీ, అలవాటు కొద్దీ మధ్యమధ్య కుడి చెయ్యి కాయలోకి పోయేది. పోయినప్పుడల్లా ఒళ్ళంతా జలదరించేది. గాయం లేని చేతికే ఆ కాయ రాత్రంతా మంట పెడుతుంది.

"ఆ చేత్తో ఏం ఏరుద్దే అది? పని చేయలేనిదాన్ని తీసుకురాబాక" అంది నాయనమ్మ, తల్లితో.

"ఏరుద్ది అమ్మగారూ. నేర్చుకోవాలిగా. ఇంక బడికి పంపను" అంది తల్లి. తర్వాత నన్ను చూసి లేచి నిలబడింది. నెత్తిన చుట్టుకున్న కొంగు తీసి రెండు చేతులూ కట్టుకుంది. "మా పిల్ల చేసిన పనికి మీరు కూడా నలుగురిలో మాట పడ్డారంట. ఏమనుకోబాకండి అమ్మాయిగారూ. నేను నాలుగు తగిలించాను దానికి. బుద్ధొచ్చింది."

ఆ పిల్ల తల ఎత్తలేదు. కాయ ఏరుతూనే ఉంది. నేను ఏదో ఒకటి అనాలి. "ఫరవాలేదులే" అన్నాను.

గుంటూరు నేనే వెళ్ళాను. మాస్టారు ఇంకో కొవ్వొత్తి తెచ్చి, తొమ్మిది సెంటీమీటర్లు వచ్చేదాకా కాల్చి, నా పట్టిక పక్కన పెట్టారు. చూడటానికి వచ్చిన పెద్దమనిషి నా అంకెలు చూసి, "ఎంత క్రమంగా ఉందో" అన్నాడు. జామెట్రీ బాక్సు ఇచ్చారు. వచ్చే దారిలో మాస్టారు బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వేసవి సెలవుల తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. బదిలీ అడిగి తీసుకున్నారని నాన్న చెప్పాడు. నేను ఆ బాక్సుతోనే పదో తరగతి దాకా చదివాను, డిగ్రీలో సైన్సు తీసుకున్నాను, ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను. ఆ పిల్ల గురించి తలచుకోని ఏళ్ళు కూడా ఉన్నాయి. లేవని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

మా మనవరాలు కొవ్వొత్తి ఊదేసిన వారానికి సత్తెనపల్లి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. మా ఇల్లు అమ్మేసి చాలా కాలమైంది. కళ్ళం ఉన్నచోట ఎవరిదో కోల్డ్ స్టోరేజీ లేచింది. పల్లెలో అన్నీ స్లాబు ఇళ్ళే. ఆ పిల్ల పేరు చెబితే, ముఠా మేస్త్రి ఇల్లెక్కడని అడగమన్నారు. యాభై మంది ఆడవాళ్ళని గుంటూరు గోడౌన్లకి పనికి తీసుకెళ్తుందట.

ఆమె వసారాలో నిలబడి ఫోనులో ఎవరినో గట్టిగా కేకలేస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి ఫోను దించింది. కాసేపు అట్లాగే చూసింది. ఆ చూపు మారలేదు.

"గుర్తుపట్టావా?" అన్నాను.

"పట్టాను. కూర్చోండి" అని ప్లాస్టిక్ కుర్చీ జరిపింది. కుడి చేతి బొటనవేలికి గోరు లేదు.

నేను దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ చెప్పాను. ముక్క నేనే తీశానని, స్కేలు మీద పదకొండున్నర ఉందని, తొమ్మిదని చెప్పానని. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"ఇవన్నీ నాకు తెలిసినయ్యేగా" అంది నేను ఆపాక. "నేనక్కడే ఉన్నాగా."

"క్షమించమని అడగటానికి వచ్చాను."

"మీ నాన్నగారు పోయినప్పుడు మీరు ఊరొచ్చారు. మా అమ్మ మీ దగ్గరకొచ్చి మాట్లాడింది. గుర్తుందా?"

గుర్తుంది. నడుం వంగిన ముసలామె వచ్చి నా గడ్డం పట్టుకుని, పిల్లలెంతమంది అమ్మాయిగారూ అని అడిగింది. ఇద్దరని చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు.

"అప్పుడు ఆవిడకి ఒక్కముక్క చెప్పి ఉంటే అయిపోయేది" అంది ఆమె. "నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. మాస్టారు కొలిపించి చూశాడంటగదే, కొలత అబద్ధమాడుద్దా అనేది. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా పాస్టరుగారింటికి నన్ను ఒక్కదాన్నీ పంపేది కాదు. ఇంట్లో పెట్టె తాళం తన మొలకే కట్టుకునేది. నా చెయ్యి ఆరు నెలలకి మానింది. ఆవిడకి నా మీద నమ్మకం మాత్రం మళ్ళీ రాలా."

"ఇప్పుడు…" అన్నాను.

"పోయి నాలుగేళ్ళయింది. ఆఖరి రోజున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే ఆవిడ కూడా నోరు కదిపింది. నా బిడ్డ చర్చిలోనూ బడిలోనూ దొంగతనం చేసింది, దాన్ని క్షమించు తండ్రీ అని. చుట్టూ ఉన్నోళ్ళంతా ఆమెన్ అన్నారు." ఆమె ఫోను చూసుకుని మళ్ళీ నాకేసి చూసింది. "నేనూ అన్నాను. పోయే మనిషితో ఏం వాదిస్తాం."

లోపల నుంచి కోడలు కాబోలు, టీ పెట్టమంటారా అని అడిగింది. ఆమె నాకేసి చూడకుండానే, "వద్దులే, వాళ్ళు వెళ్ళిపోతున్నారు" అంది. మళ్ళీ ఫోను మోగింది. రేపు పొద్దున ఆరింటికి వ్యాను వస్తుందని, ఎవరూ ఆలస్యం చెయ్యొద్దని గట్టిగా చెబుతూ మెట్లు దిగి వీధిలోకి వెళ్ళింది. నేను ఆ కుర్చీలో ఇంకాసేపు కూర్చున్నాను. తర్వాత ఎవరూ పొమ్మనకుండానే లేచి వచ్చేశాను.